సినిమాలో లేని సీను

మా చిన్నత్త ఒక సినిమా చూసి, బుద్ధి తెచ్చుకుని, మొగుడి దగ్గరికి వెళ్లిపోయిందని మా వాళ్లంతా చెప్పే కథను నేను ఒప్పుకోను. ఆమె సినిమా చూసిన మాట నిజం. హాల్లో ఏడ్చిన మాట నిజం. ఆ తర్వాత బస్సెక్కిన మాటా నిజమే. కానీ వీటిని ఒక దారానికి గుచ్చి దండ చేసినవాళ్లలో ఒక్కరు కూడా ఆ రోజు హాల్లో లేరు. నేనున్నాను. చిన్నత్త మోచెయ్యి నా మోచేతికి ఆనుకునే ఉంది. ఆమె దేనికి ఏడ్చిందో నాకు తెలుసు.

ఇప్పుడీ గొడవ ఎందుకంటే, మొన్న చిన్నత్త వాళ్ల పెళ్లిరోజుకు మస్కట్‌లో ఉన్న మా తమ్ముడి కొడుకు ఇంటి గ్రూపులో ఒక వీడియో పెట్టాడు. చిన్నత్త, మామ పక్కపక్కన నిలబడ్డ ఫోటోలు, వెనక ఆ సినిమాలోని పాట. కింద ‘ప్రేమంటే ఇదీ’ అని రాశాడు. దండాల బొమ్మలు వరుసగా వచ్చి పడ్డాయి. నేను ఉండబట్టలేక, ఆ సినిమాలో ప్రేమ లేదు, వేరే పాట పెట్టు అని రాశాను. “నీకు అన్నిట్ల పంచాయితే అక్కా” అని మెట్‌పల్లి నుంచి మా చెల్లె. “పాత సినిమ గదా అత్తమ్మా, జర మాఫ్ చెయ్యి” అని వాడు. మాఫ్ చెయ్యను. ఫోన్లో ఒక వేలితో ఎంతని కొడతాను, అందుకే కూర్చుని రాస్తున్నాను.

అప్పట్లో మెట్‌పల్లిలో మా ఇంటి వసారా పగలంతా బీడీలు చేసే ఆడవాళ్లతో నిండి ఉండేది. లోపలి అర్రలో మేం బాపు అని పిలిచే నాన్న మగ్గం, బయట ఒళ్లో చాటలు పెట్టుకుని అవ్వ, అంటే మా అమ్మ, బాపు చెల్లెలు చిన్నత్త, వాడకట్టు వాళ్లు. బీడీలు చుట్టడానికి తడిపిన తునికాకును గోనెపట్టాలో చుట్టి మూలకు పెట్టేవాళ్లు. నానిన తోలుచెప్పుల వాసనా, చాయ్‌పత్తా వాసనా కలిస్తే ఎట్లా ఉంటుందో అట్లా ఉండేది ఆ మూల. దాని మీద తంబాకు ఘాటు, ఆ ఘాటు మీద లోపల ఉడికే గంజి వాసన. మధ్యాహ్నం జొన్నరొట్టెలో ఉల్లిగడ్డకారం పెట్టుకుని అక్కడే తినేవాళ్లు. ఎంత కడిగినా తంబాకు చేతిని వదలదు. అవ్వ కలిపి పెట్టే మొదటి ముద్ద ఎప్పుడూ కొంచెం చేదు. కాలేజీ చదువుకని హాస్టల్‌కు పోయినప్పుడు అక్కడి అన్నం నాకు చప్పగా ఎందుకుందో చాలా రోజులు అర్థం కాలేదు.

నాకూ చెల్లెకూ పని, బీడీల మూతులు మడవడం. మేం చేసే దొంగపని, కత్తిరించగా మిగిలిన ఆకుముక్కల్ని ఉత్తగా చుట్టి, దారం కట్టి, మూతికి పెట్టుకుని హీరోల్లాగా పొగ వదలడం. అవ్వ చూసిందంటే కత్తెర పిడి వేళ్ల కణుపుల మీద పడేది.

చేతులకు పని ఉంటుంది, చెవులకు ఉండదు. అందుకని ఆ వసారాకు ఒక పద్ధతి ఉండేది. ఊళ్లోకి కొత్త సినిమా వస్తే అందరూ పని విడిచిపెట్టి పోలేరు. అందరి తరఫున ఒకామె పోయి చూసి వచ్చేది. మర్నాడు ఆమె బీడీలు చెయ్యదు, సినిమా చెబుతుంది. వినేవాళ్లు తలా కొన్ని బీడీలు చేసి ఆమె చాటలో వేస్తారు. సాయంత్రం లెక్కకు వచ్చే కంపెనీవాడికి ఈ సంగతి తెలియదు.

ఈ పని ఎక్కువగా వాడ చివరింటి ఆమెది. మేం ఆమెను సినిమా పెద్దమ్మ అనేవాళ్లం. ఆమె భర్త బట్టల మిల్లులో పనికని భివండి పోయి అక్కడే ఇంకో కాపురం పెట్టాడు. ఆ సంగతి ఆమె ఎన్నడూ మాట్లాడలేదు. సినిమాలు మాత్రం మాట్లాడేది. పాటలు పాడేది కాదు. “పాటొచ్చిందనుకోండ్రి” అని ఆకు వక్క నమలడం మొదలుపెట్టేది. అది అయిపోయేదాకా పాట నడుస్తున్నట్టు. ఫైటింగును “కొట్లాడుకున్నరు, ఆడు సచ్చిండు” అని తేల్చేసేది. కానీ హీరోయిన్ చీరె అంచు చెప్పడానికి ఒక పూట పట్టేది.

ఆ ఎండాకాలం ఆమె చెప్పింది ఒక దొర సినిమా. కోటలాంటి తన గడిలో నీళ్లు మోసే పిల్లను దొర మనసుపడి పెళ్లి చేసుకుంటాడు. ఊరంతా ముక్కున వేలేసుకుంటుంది. పెళ్లయినాక కూడా ఆ పిల్ల ఆయన్ని “దొరా” అనే పిలుస్తుంది. పట్టుచీరె కట్టుకుని కూడా బిందె దిక్కు చూస్తుంటుంది. ఇంతవరకూ చెప్పి పెద్దమ్మ వక్క ఉమ్మి వచ్చి కూర్చుంది.

“గప్పుడు దొర ఏంజేసిండు? గడి దర్వాజ కడప మీద కూసున్నడు. పట్టుధోతి కట్టుకున్నోడు, కడప మీద. ఆమె నిలవడ్డది. తలకాయ మీదికి లేపి ఆమె దిక్కు సూసిండు. సూసి అడిగిండు. ‘నీకు నాతోని ఉండుడు ఇష్టమేనా? లేకుంటె చెప్పు. నేనేం మనసుల పెట్టుకోను’ అన్నడు.”

కత్తెరలు ఆగిపోయాయి. లోపల బాపు మగ్గం చప్పుడు ఒక్కటే వినిపించింది. కడప మీద కూర్చోవద్దని, ఇంటికి మంచిది కాదని మమ్మల్ని రోజూ లేపేవాళ్లు. అట్లాంటిది ఒక దొర కూర్చున్నాడు.

“అడిగిండా?” అంది చిన్నత్త.

“అడిగిండే.”

“నోరు తెరిచి?”

“నోరు తెరవకుండ ఎట్లడుగుతరే పిల్లా.”

“ఆమె ఏమన్నది?”

“ఏమంటది. ఆలోచించుకుంట అన్నది.”

వసారా అంతా నవ్వింది. చిన్నత్త నవ్వలేదు. చేతిలో సగం చుట్టిన బీడీ అట్లాగే విచ్చుకుపోయింది.

చిన్నత్త భర్త సర్కారు బడిలో సారు. మా మగ్గాలవాళ్లలో సర్కారు కొలువు చేసిన మొదటి మనిషి. ఏదో పెళ్లిలో చిన్నత్తను చూసి, మూడో తరగతిలో బడి మానేసిన పిల్లనే చేసుకుంటానని పట్టుబట్టి చేసుకున్నాడు. ఊరంతా ఆయన్ని సారు అంటుంది కాబట్టి చిన్నత్త కూడా సారనే అనేది. ఆయన తాగడు, చెయ్యెత్తడు. చీరెలు తనే కొని తెచ్చేవాడు. అక్షరాలు నేర్చుకోమని ఒకరోజు పలక తెచ్చి ఒళ్లో పెట్టాడు. ఆమెకేం కావాలో ఆమెకంటే ముందు ఆయనకే తెలిసేది. ఆయన చెడ్డవాడైతే ఈ వాదన నేను ఎప్పుడో గెలిచేదాన్ని. మంచివాడు కాబట్టే ఇన్నేళ్లుగా వాదిస్తున్నాను.

ఆయనకు నచ్చనిది ఒక్కటే, బీడీలు. సారు పెళ్లాం బీడీలు చెయ్యడమేమిటని. చిన్నత్త చాటను ఇంట్లో తలుపు వెనక పెట్టుకుని, ఆయన బడికి పోయాక మా వసారాకు వచ్చేది.

ఆ ఎండాకాలమే ఆయనకు బదిలీ అయింది. జైనూర్ దిక్కు, అడవిలో బడి. ఒక పొద్దున మా ఇంటికి వచ్చి, “బావా, సోమవారం బయల్దేరుతున్నం” అని బాపుతో చెప్పి వెళ్లాడు. బాపు మగ్గం మీద నుంచే, “ఏమే చెల్లె, సోమవారం పోతున్నరట గదా” అని కేకేశాడు. ఆ రోజు ఆయన ఇంట్లోనే ఉండటంతో చాట అక్కడే విడిచి ఉత్తచేతులతో వచ్చిన చిన్నత్తకు ఆ సంగతి అప్పుడే తెలిసింది.

ఇంటికి పోయి చూస్తే ట్రంకుపెట్టె సర్ది ఉంది. నేత చీరెలు అడుగున, మంచివి పైన. ఆమె దువ్వెన, జడపిన్నులు రుమాల్లో కట్టి ఒక మూలకు. అన్నీ ఆయన చేత్తో సర్దినవే. చాట, కత్తెర మాత్రం లేవు. పక్కింటామెకు ఇచ్చేశాడు. మా వాళ్లు కథ చెప్పేటప్పుడు సరిగ్గా ఇక్కడ ఆగి, చూశావా, పెళ్లాం చీరెలు మడతపెట్టిన మొగుడు అంటారు. మడతపెట్టాడు, కాదనను. ఆ చీరెలు కట్టుకునే మనిషిని పిలిచి పోదామా అని ఒక్క మాట అడగలేదు.

చిన్నత్త పక్కింటికి పోయి తన చాట, కత్తెర తెచ్చుకుంది. అవి పట్టుకుని మా ఇంటికి వచ్చి, వసారాలో తన చోట్లో కూర్చుని ఆకు కత్తిరించడం మొదలుపెట్టింది. “అడిగితె పోత, లేకుంటె పోను” అని అవ్వతో చెప్పింది. సోమవారం ఆయన ఒక్కడే బస్సెక్కాడు.

కొన్నాళ్లకు ఆయన అన్న పంచాయితీ చెప్పడానికి వచ్చాడు. కుర్చీలో కూర్చుని, చాయ్ సాసర్లో పోసుకుని తాగి, నెమ్మదిగా మొదలుపెట్టాడు.

“ఏమమ్మా, మా తమ్ముడు తాగుతడా?”

“తాగడు.”

“కొడుతడా?”

“కొట్టడు.”

“మల్లేంది నీ పరేషాన్?”

“గీ గోడ గూడ తాగది, కొట్టది బావా. గోడతోని కాపురం చెయ్యుమంటరా?”

లోపల మగ్గం ఆగింది. బాపు బయటికి రాలేదు కానీ, వింటున్నాడని అందరికీ తెలిసింది.

“నీకేం గావాలెనో చెప్పు.”

“వచ్చి అడగాలె. వస్తవా అని.”

“మొగడు పెండ్లాన్ని వస్తవా అని అడుగుడేంది, చుట్టాన్ని అడిగినట్టు?”

“చుట్టాన్నన్న అడుగుతరు. సినిమల గంత దొరనే అడిగిండు. సారుకేమైంది?”

“ఏ దొర?” అన్నాడాయన. సినిమా పేరు చెప్పారు. “నేను రెండుసార్లు చూసిన. గసొంటి సీనే లేదు.”

“నిద్రపొయ్యుంటవన్నా” అంది సినిమా పెద్దమ్మ తలెత్తకుండానే. “మొగోళ్లకు పాటలప్పుడే గదా మెలకువ.”

ఆయనకు పట్టుదల వచ్చింది. “పోండ్రి, పొయ్యి చూడుండ్రి. సీనుంటె మా తమ్మున్ని నేనే పట్టుకొస్త. లేకుంటె ఈమె సప్పుడుజెయ్యక బస్సెక్కాలె.”

“పొయ్యి చూస్త” అంది చిన్నత్త. అంతే అంది. మా వాళ్లు ఆమె పందెం ఓడిపోయిందని చెబుతారు. పందెం కట్టింది ఆయన. ఆమె సినిమా చూస్తానంది.

అట్లా చిన్నత్త, అవ్వ, సినిమా పెద్దమ్మ, నేను మ్యాట్నీకి పోయాం. రేకుల కప్పు, పల్లీ పొట్టు, ఆడవాళ్ల వైపు అడ్డంగా నడుమెత్తు గోడ. చిన్నత్త పమిట నడుముకు దోపి, పరీక్షకు వచ్చినట్టు నిటారుగా కూర్చుంది. తెర మీద గడి దర్వాజా కనిపించినప్పుడల్లా ఆమె మోచెయ్యి బిగుసుకునేది. దొర కడప దాకా వచ్చాడు. దాటి వెళ్లిపోయాడు. మళ్లీ వచ్చాడు, మళ్లీ దాటాడు. ఒకచోట ఆ పిల్ల పాదం తన మోకాలి మీద పెట్టుకుని తన చేతులతో పట్టగొలుసులు తొడిగాడు. మగవాళ్ల వైపు ఈలలు. ఇంకోచోట జబ్బుపడి మంచంలో ఉండి, నీకు బతుకునిచ్చాను అన్నాడు. హాలంతా చప్పట్లు. చిన్నత్త ఇంకా ఎదురుచూస్తోంది. ఆ పిల్ల దొర కాళ్ల మీద పడింది, ఆయన లేవనెత్తాడు, శుభం అని అక్షరాలు పడ్డాయి. అప్పుడు ఏడ్చింది. దొర ప్రేమ చూసి కాదు. తన కోసం దాచిపెట్టారనుకున్న ముద్ద గిన్నెలో లేకపోతే పిల్లలు ఏడుస్తారు చూడండి, ఆ ఏడుపు.

బయట సోడాబండి దగ్గర చిన్నత్త బావ, ఆ పందెం కట్టిన ఆయన, నిలబడి ఉన్నాడు. “ఏదమ్మా సీను?”

చిన్నత్త పెద్దమ్మ దిక్కు తిరిగింది. “ఏదక్కా?”

“లేదు” అంది పెద్దమ్మ.

“మల్ల జెప్తివి గదా?”

“ఉండాల్సింది. వాళ్లు మరిచిపొయ్యిండ్రు. నేను పెట్టిన.”

బావ సోడా గొంతుకు అడ్డం పడేట్టు నవ్వాడు. “ఒడిసింది గదా. ఇగ బస్సెక్కు.”

చిన్నత్త కళ్లు తుడుచుకుంది. వేళ్లకున్న తంబాకు కళ్లలో పడి ఇంకా ఎర్రబడ్డాయి.

“సినిమల లేకుంటె సినిమకు లేదు బావా. నాకు గావాలె.”

“దొర పెండ్లానికే లేనిది నీకెందుకమ్మా? ఎంత పానంగ చూసుకున్నడు ఆమెను.”

“పానంగనే చూసుకున్నడు. బతుకునిచ్చిన అన్నడు. అంతకుముందు ఆమెకు బతుకు లేకుండెనా? నీళ్లు మోసింది, పాట పాడింది, అంగట్ల కొట్లాడింది. బతకకుంటనే చేసిందా గివన్ని?”

సోడాబండివాడు సీసా తెరవడం మరిచిపోయి ఆమెనే చూస్తున్నాడు. బావ సగం తాగిన సోడా బండి మీద పెట్టేసి నడిచిపోయాడు. నేనప్పుడు పిల్లను, కానీ వాదన గెలవడం ఎట్లా ఉంటుందో ఆ రోజే చూశాను. ఆ రుచి మరిగే నేనిట్లా తయారయ్యానని అవ్వ అనేది.

మర్నాటి నుంచి మళ్లీ చాట, మళ్లీ కత్తెర. వసారా రెండుగా చీలింది. సగం మంది, అంత మంచి మొగుణ్ణి ఏడిపిస్తుందన్నారు. మిగిలిన సగం మంది చేతులు చిన్నత్త చాట దగ్గరికి చాయ్ జరిపేవి. అవ్వ భయపడేది. “గట్టిగ గుంజితె తెగుతదే” అని మెల్లగా చెప్పేది. “తెగేదుంటె తెగనియ్యి వదినె” అనేది చిన్నత్త. రాత్రి పక్కలో మాత్రం నా వైపు తిరిగి, “మీ మామకు పులుసు చేసుడు రాదు, ఏం తింటుండో” అనేది. ఆమెకు ఆయన కావాలి. ఆ సంగతిలో ఎవరికీ అనుమానం ఉండకూడదు.

ఆ మధ్యలోనే సినిమా పెద్దమ్మ బాసర పోయి వస్తానని చెప్పి పోయింది. తిరిగి వచ్చినప్పుడు చీరె కుచ్చిళ్లకు ఎర్రమట్టి, మడమల మీద ముళ్లు గీరిన గీతలు. ప్రసాదం తేలేదు. ప్రసాదం కోసం వీధి మొగలో కాచుకుని కూర్చున్నది నేనే కాబట్టి ఆ సంగతి నాకు గట్టిగా యాదుంది.

వానలు పడ్డాయి. తడవకుండా ఆకు, చాటలు, గంపలు, ఎండబెట్టిన నూలు అన్నీ వసారాలోకి చేర్చాం. కాలు పెట్టే జాగా లేదు. అట్లాంటి ఒక మధ్యాహ్నం సారు మామ వచ్చాడు. తెల్ల అంగీ, మోకాళ్ల దాకా బురద, సగం విరిగిన గొడుగు. ఆడవాళ్లు గబగబా పమిటలు సర్దుకున్నారు. “కుర్చి తేండ్రి” అని బాపు కేకేశాడు. కుర్చీ మీద ఆకు గంప ఉంది. మామ ఇటు చూశాడు, అటు చూశాడు. వచ్చి కడప మీద కూర్చున్నాడు.

అవ్వ, అయ్యో కడప అనబోయింది. సినిమా పెద్దమ్మ అవ్వ కొంగు పట్టి వెనక్కి లాగింది. అది నేను చూశాను.

చిన్నత్త చాట నడుముకు ఆనించుకుని నిలబడి ఉంది. ఆయన తలెత్తాడు. కళ్లద్దాల నిండా వాన చుక్కలు. తీసి తుడుచుకుందామంటే అంగీ అంతా తడిసే ఉంది. అద్దాలు చేతిలోనే పట్టుకున్నాడు.

“అక్కడ వానలెక్కువ. కరెంటు సరిగ్గ ఉండదు. బడి వెనక రెండు అర్రల ఇల్లు” అన్నాడు. “నీకు రావాలని ఉన్నదా?”

“లేకుంటె?”

“లేకుంటె శనివారం శనివారం నేనే వచ్చిపోత. మల్ల బదిలయ్యేదాక.”

“చాట?”

ఆయన చాట దిక్కు చూశాడు. “నాకు నచ్చది. ఐనా నీది. తెచ్చుకో.”

మగ్గం ఎప్పుడు ఆగిందో తెలియదు. చిన్నత్త ఆయన తడి తలను, చేతిలోని అద్దాలను చూసి, “ఆలోచించుకుంట” అంది.

అందరికంటే గట్టిగా నవ్వింది సినిమా పెద్దమ్మ. మామకు ఎందుకు నవ్వుతున్నారో తెలిసిందో లేదో, ఆయన కూడా కొంచెం నవ్వాడు. అవ్వ వేడి సర్వపిండి పెడితే కడప మీదే తిని, సాయంత్రం బస్సుకు ఒక్కడే వెళ్లిపోయాడు. మళ్లీ శనివారం వచ్చేసరికి చిన్నత్త తన ట్రంకు తనే సర్దుకుని ఉంది. బస్సులో చాటను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది, దారి పొడవునా అందరికీ కనిపించేట్టు. తర్వాతెప్పుడో వచ్చినప్పుడు నాతో అంది, “మనం ఎండిన ఆకే చూసినం బిడ్డా. చెట్టు మీద తునికాకు పచ్చగ ఎంత మెత్తగుంటదో.”

ఇప్పుడు ఆ వసారాకు ఇనుప జాలీ పెట్టి, లోపల బండి నిలుపుతున్నారు. ఎవరి సినిమా వాళ్ల చేతిలో ఉంది. ఒకరి తరఫున ఒకరు చూసి వచ్చేదీ లేదు, చెప్పేటప్పుడు ఒక సీను కలిపేదీ లేదు. ఆ దొర సినిమా ఫోన్లో మళ్లీ చూశాను. ఆఖరు దాకా ఆయన ఆమెను ఒక్క మాట అడగలేదు. దాన్ని ప్రేమ అనేవాళ్లతో నేను పోయేదాకా కొట్లాడతాను. చిన్నత్త మాత్రం ఇప్పుడు ఇంకో తీరుగా మొత్తుకుంటుంది. “పప్పా పులుసా, ఫ్యాన్ పెట్టాలెనా తియ్యాలెనా, అన్నీ అడుగుతడే. అడిగి అడిగి పానం తింటడు.”

అయితే ఒక్కచోట నా వాదన నాకే కుంటుతుంది. పెద్దమ్మ వెళ్లింది బాసరకేనా? జైనూర్ దారి పట్టి, ఆ అడవి బడి వెతుక్కుని, ఆయనకు కూడా ఆ సీను చెప్పి వచ్చిందా? చెప్పి ఉంటే, సినిమాలో లేని ప్రేమను వసారాలో కలిపినట్టే మామలో కూడా ఆమే కలిపిందనాలి. చెప్పకపోతే, కుర్చీ ఖాళీగా లేక ఆయన కడప మీద కూర్చున్నాడనాలి. పెద్దమ్మ పోయింది, ఆమెను అడగలేను. చిన్నత్తను అడిగాను. “ఎవలు జెప్తేంది? కూసున్నది ఆయిననే గదా” అని పప్పు ఏరుకుంటూ కూర్చుంది, అదే చాటలో. ఆమెకు సరిపోయింది. నాకు సరిపోలేదు.

వచ్చే ఆదివారం మామ వాళ్లుండే మెట్‌పల్లి పోతున్నాను. మామకు వినికిడి తగ్గింది, చెవి దగ్గర గట్టిగా అడగాలి. గ్రూపులో ఉన్నవాళ్లంతా నవ్వినా సరే, అందరి ముందే అడుగుతాను. మామా, ఆ రోజు వానలో వచ్చి కడప మీద కూసోవాలని నీకెవలన్న జెప్పిండ్రా?